గురువు ఇచ్చిన గోవులు

విశాఖపట్టణము నుండి అరకులోయకు పోవు కొండదారిలో, అనంతగిరి మండలమున, బొర్రా గుహలు కలవు. గోస్తనీ నది ఆ కొండలలో పుట్టి, గుహల అడుగుభాగమున ప్రవహించి, భీమునిపట్టణము వద్ద సముద్రమున కలియుచున్నది. ఆ గుహ మానవుల కంటబడిన విధమును గూర్చి ఆ ప్రాంతీయులు ఒక కథ చెప్పుదురు. కొండపై మేయుచున్న ఆవు ఒకటి గుహ కప్పునందలి రంధ్రము గుండ లోనికి పడిపోయెనట. దానిని కాయువాడు ఆవును వెదకుచు చీకటిలోనికి దిగెను. అచ్చట లింగాకృతి గల శిల యొకటి అతనికి కనిపించెను. తన ఆవును కాపాడినవాడు ఈ పరమేశ్వరుడే యని అతడు నమ్మి చేతులు జోడించెను. ఆ శిలపైన ఆవు పొదుగును పోలిన రూపమొకటి యున్నది. దాని నుండి జాలువారిన నీరే నదియైనదని, అందుచేతనే నదికి గోస్తని యను పేరు కలిగినదని చెప్పుదురు.

సున్నపురాతి పొరలలో నీరు యుగయుగములుగా బొట్టుబొట్టుగా కారుటచే ఇట్టి రూపములు ఏర్పడినవని భూగర్భశాస్త్రజ్ఞులు వివరింతురు. అది సత్యమే. కాపరి కథ మనకు వేరొక సత్యమును చెప్పుచున్నది. అతడు బయలుదేరినది దేవుని కొరకు కాదు, తనకు అప్పగింపబడిన ఆవు కొరకు. అప్పగించిన పనిని విడువక వెంబడించినవానికి ఆ పని చివర దైవము ఎదురైనది.

ఈ కథ విన్నపుడు ఛాందోగ్యోపనిషత్తులోని ఒక బాలుడు జ్ఞప్తికి రాక మానడు. అతడును గోవుల వెంట అడవికి పోయినవాడే. అయితే అతని చేతికి గోవులను అప్పగించినవాడు ఒక గురువు. పెద్దవయసు గురువునకును చిన్నవయసు శిష్యునకును గల బంధమును గూర్చి లోకమున ఎన్నియో కథలు కలవు. వానిలో సత్యకామ జాబాలుని కథ తలమానికము. దానిని ఈ మన్యపు కొండల నడుమ నిలిపి ఒకమారు చూతము.

గోత్రమేమి యను ప్రశ్న

సత్యకాముడు జబాల యను స్త్రీకి కుమారుడు. అతడు విద్యాభ్యాసము చేయగోరి, గురువు అడిగినచో ఏ గోత్రము చెప్పవలెనని తల్లిని అడిగెను. యౌవనమున పలుచోట్ల పరిచర్యలు చేయుచు తిరిగినదానననియు, అతని గోత్రము తనకు తెలియదనియు, తన పేరు జబాల గావున సత్యకామ జాబాలుడనని చెప్పుకొనవలసినదనియు ఆమె బదులు పలికెను. బాలుడు హారిద్రుమత గౌతముని వద్దకు పోయి, తల్లి చెప్పినదంతయు ఒక్క మాటయైనను దాచక ఆయన ముందుంచెను. గౌతముడు అతనిని తిరిగి పొమ్మనలేదు. ఇంతటి సత్యమును నోరార పలుకగలిగినవాడు విద్యకు అర్హుడే యని నిశ్చయించి, సమిధలు తెమ్మని పంపి, ఉపనయనము చేసెను.

ఇచ్చట ఒక సూక్ష్మమును గమనింపవలెను. గౌతముడు గోత్రమును అడిగెను. అడుగుట దోషము గాదు. పిల్లవాడు ఎవరి బిడ్డయో, ఏ యింటినుండి వచ్చెనో తెలియక గురువు అతనిని ఎట్లు ఎరుగగలడు? అయితే ఒకే ప్రశ్నను రెండు ఉద్దేశములతో అడుగవచ్చును. తలుపు తీయుటకును అడుగవచ్చును, మూయుటకును అడుగవచ్చును.

అరకు, పాడేరు కొండలలో భగతలు, కొండదొరలు, పోర్జాలు, గదబలు, కోటియాలు, వాల్మీకులు మొదలైన పలు తెగలవారు నివసించుచున్నారు. వారిలో పెక్కుమంది వంశనామములు ప్రకృతి నుండి వచ్చినవి. కొర్రా వారు సూర్యుని, కిల్లో వారు పులిని, వంతల వారు సర్పమును, పాంగి వారు గ్రద్దను, గొల్లోరి వారు కోతిని తమ వంశమునకు గుర్తుగా భావింతురు. ఒకే గుర్తు గలవారు తోబుట్టువులతో సమానము గావున వారిలో వారికి వివాహములు జరుగవు. కావున గోత్రమేమని అడిగినచో ఈ కొండల బాలుడు తడబడ నక్కరలేదు. మాది సూర్యుని వంశమని, మాది పులి వంశమని తలయెత్తి చెప్పగలడు. ఒకవేళ అతడు తడబడినచో, ఆ తడబాటు అడిగినవారి కంఠస్వరమును బట్టి కలిగినదని మనము తెలిసికొనవలెను.

ఏకలవ్యుని వ్రేలు

మూయబడిన తలుపు కథ మహాభారతమున ఆదిపర్వమున కలదు. నిషాదరాజగు హిరణ్యధన్వుని కుమారుడు ఏకలవ్యుడు అస్త్రవిద్య గోరి ద్రోణాచార్యుని వద్దకు వచ్చెను. నిషాద కుమారుడను కారణమున ఆచార్యుడు అతనిని శిష్యునిగా గైకొనలేదు. బాలుడు ఆయన పాదములకు మ్రొక్కి, అడవికి మరలి, మట్టితో గురువు ప్రతిమను చేసికొని, దాని యెదుట ధనుర్విద్యను సాధించెను. మొరిగిన కుక్క నోటిని ఏడు బాణములతో నింపిన అతని నేర్పును చూచి పాండవులు విస్మితులైరి. పిమ్మట ద్రోణుడు ఆ వనమునకు వచ్చి, కుడిచేతి బొటనవ్రేలిని గురుదక్షిణగా అడిగెను. ఏకలవ్యుడు మారుమాట లేక కోసి యిచ్చెను.

ద్రోణుని పక్షమున పెద్దలు పలు సమాధానములు చెప్పియున్నారు. అర్జునుని మించిన విలుకాడు తన శిష్యులలో ఉండడని ఆయన మాట యిచ్చియుండెను. కురురాజుల అన్నము తినుచున్నవాడు. ఈ సమాధానములను త్రోసివేయ నక్కరలేదు. అయినను కథను నెమ్మదిగా చదివిన భక్తుని మనస్సున ఒక ముల్లు మిగిలిపోవును. తాను ఈయని విద్యకు మూల్యము ఎట్లు అడుగగలిగెను? వ్యాసభగవానుడు ఆ ముల్లును తీసివేయలేదు. మన కొరకు దానిని అచ్చటనే ఉంచెను. శిష్యుని పక్షమున భక్తి పరిపూర్ణముగ నున్నది. గురువు పక్షమున ఉన్నది మట్టిబొమ్మ మాత్రమే.

గిరిజన బాలబాలికలకై 1997-98లో భారత ప్రభుత్వము ఆరంభించిన ఆదర్శ గురుకుల పాఠశాలలకు ఏకలవ్యుని పేరే పెట్టిరి. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యమునందును ఆ పేరుగల పాఠశాలలు నడచుచున్నవి. ఆ పేరు వ్రాసియున్న ద్వారమును దాటునపుడెల్ల ఉపాధ్యాయుడు తన్ను తాను అడుగుకొనవలసిన ప్రశ్న యొకటి కలదు. లోపల ఎదురుచూచుచున్న బాలునకు నేను గౌతముడనా, ద్రోణుడనా?

బక్కచిక్కిన నాలుగు వందల గోవులు

సత్యకాముని కథకు మరలి వత్తము. ఉపనయనమైన పిమ్మట గౌతముడు వేదపాఠము మొదలిడలేదు. మందలో బక్కచిక్కి, బలము లేనివానిని నాలుగు వందల గోవులను ఏరి, వీని వెంట పొమ్మనెను. బాలుడు వానిని తోలుకొని పోవుచు, ఇవి వేయి కానిదే తిరిగి రానని తనంత తానే పలికెను. ఆ తరువాత అనేక సంవత్సరములు అడవిలో గడపెను.

చదువుకై పంపిన బిడ్డను పశువుల వెంట పంపిన ఈ గురువు ఎట్టివాడని నేటి తల్లిదండ్రులు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనది. తూర్పుకనుమలలో పుట్టినవారికి అది మరింత వాడియైన ప్రశ్న. అరకునకు పొరుగుననే యున్న కోరాపుట్ కొండల జీవితమును ఒడియా రచయిత గోపీనాథ మహాంతి 1945లో ‘పరజా’ యను నవలగా వ్రాసెను. అందు సుక్రు జానీ యను పరజా వృద్ధుడు జరిమానా చెల్లించుటకై షావుకారు వద్ద అప్పు చేసి, తానును, తన కుమారులును ఆతని యింట గొత్తిపనికి, అనగా వెట్టిచాకిరికి, కట్టుబడిపోయిరి. ఎంత చేసినను అప్పు తీరదు. కాలము గడచుకొలది సంకెల బిగియును. ఆ బాధ చివరకు షావుకారు హత్యతో ముగియును. వెట్టిచాకిరిని దేశమంతట నిషేధించుచు 1976లో చట్టము వచ్చినది. నవలలోని కొండలలో అది ఒకనాడు నిత్యానుభవము.

అడవియందు శ్రమపడుట రెండు కథలలోను సమానమే. ఒకచోట అది విద్యయైనది, మరియొకచోట దాస్యమైనది. భేదమెచ్చట నున్నది? లెక్కలో నున్నది. వేయి యను లెక్కను పెట్టుకొన్నవాడు బాలుడే. లెక్క పూర్తియైన నాడు అతడు స్వేచ్ఛగా తిరిగి రాగలడు. షావుకారు లెక్క షావుకారు పుస్తకములోనిది. అది ఏనాడును పూర్తికాదు. మరియు, తిరిగి వచ్చిన బాలునకు ఈయవలసినదానిని గౌతముడు సిద్ధము చేసికొని కూర్చుండెను. షావుకారు వద్ద ఈయవలసినది ఏమియు లేదు.

కాబట్టి పెద్దలు పిల్లవానికి పని చెప్పుటలో తప్పు లేదు. ఆ పనికి అంతము ఉన్నదా, ఆ అంతమున వానికి దక్కునది ఏమున్నది యని విచారింపవలెను. బక్కచిక్కిన మందను బాలుని చేతిలో పెట్టుట గురువు అతనియందుంచిన విశ్వాసము. బలిసిన వేయి గోవులను ఇచ్చియున్నచో బాలుడు కావలివాడు మాత్రమే అయ్యెడివాడు. క్షీణించినవానిని ఇచ్చుటచే, నీవు వీనిని పెంచగలవు అని మాటలాడకయే చెప్పినట్లైనది.

మనుష్యులు గాని గురువులు

మంద వేయికి చేరిన నాడు వృషభము సత్యకామునితో మాటలాడి, తమ్ము గురుగృహమునకు చేర్పుమని కోరి, బ్రహ్మము యొక్క ఒక పాదమును బోధించెను. నాలుగు దిక్కులును ఆ పాదమునకు కళలని చెప్పెను. తిరుగుప్రయాణమున సాయంకాలమైనపుడు అతడు గోవులను కట్టి, అగ్నిని రగిల్చి, తూర్పుముఖముగా కూర్చుండగా అగ్ని రెండవ పాదమును బోధించెను. మరునాటి సంజవేళ హంస మూడవ పాదమును, ఆ మరునాడు నీటికోడి నాల్గవ పాదమును తెలిపెను. దిక్కులు, భూమి, అంతరిక్షము, సముద్రము, సూర్యచంద్రులు, మెరుపు, ప్రాణము, కన్ను, చెవి, మనస్సు మొదలైనవన్నియు బ్రహ్మమే యని ఆ బాలుడు పశువుల నడుమ, పక్షుల నడుమ, నిప్పు వెలుగున గ్రహించెను.

ఈ భాగము కొండజాతుల వారికి క్రొత్త గాదు. అరకు ప్రాంతపు పల్లెలలో దిసారి యను పెద్ద యుండును. నక్షత్రగమనమును చూచి విత్తుటకు, పెండ్లికి, పండుగకు మంచి దినములు చెప్పువాడు అతడే. మూలికల గుణము నెరిగినవాడును అతడే. ఆ విద్యకు తాళపత్రములు లేవు. పెద్ద ముందు నడువగా పిన్న వెంట నడచుటయే అచ్చటి పాఠము. ఏ చెట్టు బెరడు ఏ బాధకు పనికివచ్చునో చెట్టు వద్ద నిలిచి చూపవలెను. ఏ చుక్క ఎప్పుడు పొడుచునో రాత్రి మేలుకొని చూపవలెను. వెంట నడచు బాలుడు లేనినాడు ఆ వృద్ధునితోపాటు ఆ విద్యయు గతించును. శిష్యునకు గురువు ఎంత అవసరమో, గురువునకు శిష్యుడును అంత అవసరమని ఈ కొండదారులు తెలుపుచున్నవి.

ఒకే సన్నివేశము, ఇద్దరు గురువులు

సత్యకాముడు వేయి గోవులతో తిరిగి వచ్చెను. గౌతముడు అతని ముఖమును చూచి, బ్రహ్మవేత్త వలె ప్రకాశించుచున్నావు, నీకు ఎవరు బోధించిరని అడిగెను. మనుష్యులు గానివారు బోధించిరని బాలుడు సత్యమే పలికెను. అయినను తమ నోట వినగోరుచున్నాననియు, ఆచార్యుని వలన తెలిసికొన్న విద్యయే మేలైనదని పెద్దలు చెప్పగా వింటిననియు విన్నవించెను. గౌతముడు ఆ విద్యనే ఏమియు విడువక సంపూర్ణముగా బోధించెను.

ఈ ఘట్టమును ఏకలవ్యుని ఘట్టము ప్రక్కన పెట్టి చూడుడు. రెండును అడవి నుండి వచ్చిన కథలే. రెండింటను గురువు ఎదుట నిలిచినవాడు, ఆయన చెప్పకయే విద్యను సాధించిన బాలుడు. రెండింటను ఆ బాలుడు ఆయననే గురువని తలవంచి నిలిచెను. ఇంతవరకు సన్నివేశము ఒక్కటే. ఇచ్చట నుండి దారులు వేరైనవి. ఒక గురువు బాలుని ముఖమున వెలుగును చూచి, తాను ఈయని దానికి ఆనందించి, తన వద్ద మిగిలినదియు ఇచ్చివేసెను. మరియొక గురువు బాలుని చేతి నేర్పును చూచి, తాను ఈయని దానికి వెల కట్టి, ఆ చేతినే అడిగెను.

గురుత్వమునకు ఒరపురాయి ఇదియే. పిల్లవాడు అజ్ఞానియై ఎదుట కూర్చున్నంతకాలము ప్రేమించుట సులభము. మనము చెప్పనిది వాడు నేర్చి వచ్చిన నాడు, మనకన్న ఒక మెట్టు పైన నిలిచిన నాడు, మన ముఖము వికసించునా, ముడుచుకొనునా? ఆ క్షణమున పెద్దల పెద్దరికము తేలిపోవును.

బాలుడు పెద్దవాడైన పిమ్మట

ఉపనిషత్తు ఇచ్చట ఆగలేదు. అదే ఛాందోగ్యమున తరువాతి ఖండముననే సత్యకాముడు స్వయముగా ఆచార్యుడై కనిపించును. అతని వద్ద ఉపకోసలుడను శిష్యుడు పండ్రెండు సంవత్సరములు అగ్నులను సేవించెను. తోడివారికి విద్య ముగించి ఇండ్లకు పంపిన సత్యకాముడు ఇతనిని మాత్రము పంపలేదు, బోధింపనును లేదు. భార్య ప్రార్థించినను వినక ప్రయాణమై పోయెను. శిష్యుడు దుఃఖముచే అన్నము మానెను. గురుపత్ని భుజింపుమని బ్రతిమాలినను, మనస్సు నిండ వ్యాధులున్నవని తినలేకపోయెను. అపుడు ఇన్నేండ్లు అతడు సేవించిన అగ్నులే దయదలచి అతనికి బోధించినవి. మార్గమును మాత్రము ఆచార్యుడే చెప్పునని తెలిపినవి.

సత్యకాముడు తిరిగి వచ్చి శిష్యుని ముఖమును చూచెను. బ్రహ్మవేత్త వలె వెలుగుచున్నావు, ఎవరు బోధించిరని అడిగెను. తాను బాలుడై గోవులతో నిలిచిన నాడు గౌతముడు అడిగిన ప్రశ్నయే అది. ఆ ప్రశ్న తన నోట వెలువడినపుడు సత్యకామునకు తన బాల్యము జ్ఞప్తికి వచ్చియుండునా యని ఉపనిషత్తు చెప్పలేదు. అతడు కోపింపలేదని, తాను చెప్పవలసిన మిగిలిన మార్గమును చెప్పెనని మాత్రము చెప్పినది. చేరదీయబడినవాడు పెద్దవాడైన పిదప మరియొక బాలుని వేచియుండ చేయుట సంభవమే. మంచి గురువు చేతిలో పెరిగినవానికి కూడ ఆ మరపు రావచ్చును. ముఖమున వెలుగును చూచిన వెంటనే మేలుకొనుట అతని గురువు అతనికి ఇచ్చిన ఆస్తి.

పరదేశ కథకులును ఈ బంధమును ఎరిగియున్నారు. కిప్లింగు 1901లో వెలువరించిన ‘కిమ్’ నవలలో పుణ్యనది నొకదానిని వెదకుచు వచ్చిన టిబెట్టు వృద్ధలామాకు లాహోరు వీథులలో తిరుగు అనాథ బాలుడొకడు చేలాయగును. ఆ బాలుని తెలివిని ప్రభుత్వపు గూఢచారులు తమ పనికి వాడుకొనజూచిరి. వృద్ధుడు మాత్రము అతని చదువునకు రుసుము కట్టుచు, ప్రతిఫలము కోరక తిరుగాడెను. కడపట ముక్తి చేతికందినదని తోచిన వేళ, శిష్యునకు దారి చూపుటకై వెనుకకు మరలి వచ్చెను. పిల్లవానిని పనిముట్టుగా చూచువారును, పిల్లవానికై తిరిగి వచ్చువారును ఎల్ల దేశములందును గలరని ఆ కథ చెప్పుచున్నది.

బాలుని భాష

కథలనుండి మన చరిత్రకు వచ్చినచో, ఈ తూర్పుకనుమలలోనే ఒక నిదర్శనము కలదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు, 1863 – 1940, చుట్టుపట్ల కొండలలోని సవరలకు చదువు చెప్పదలచిరి. చెప్పుటకు ముందు ఆయన చేసినది నేర్చుకొనుట. సవరభాష తెలిసినవారిని తన యింట ఉంచుకొని, ఏండ్ల తరబడి శ్రమించి ఆ భాషను అభ్యసించిరి. సవరలకు వారి భాషలోనే పుస్తకములు వ్రాసిరి, పాఠశాలలు నడపిరి. వారి సవరభాషా వ్యాకరణము 1931లోను, సవర – ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. అప్పటికి ఆయన వృద్ధులు. బాలునకు గురువు కాదలచినవాడు మొదట ఆ బాలుని ఇంటి భాషకు శిష్యుడు కావలెనని ఆ జీవితము బోధించుచున్నది. అరకు బాలుడు తల్లి ఒడిలో ఆదివాసి ఒడియాయో, గదబయో, కువియో, కొండభాషయో విని తెలుగు బడికి వచ్చును. వాని మౌనమును మందబుద్ధి యని తలచు ఉపాధ్యాయునకు సవరభాష నేర్చిన ఆ వృద్ధుని జ్ఞాపకము మేలుకొలుపు కావలెను.

మన చేతిలోని మంద

భక్తులారా! మనలో వయసు మీరినవారు పలువురు కలరు. మనుమలో, పొరుగువారి పిల్లలో, బడిపిల్లలో ఎవరో ఒకరు మన వాకిట వచ్చి నిలుచుచుందురు. గుడిమెట్ల వద్ద కొబ్బరిచిప్ప కొరకు చేయి చాచు బాలుడును అట్టివాడే. వాని పేరు అడుగుడు, ఊరు అడుగుడు, వంశము అడుగుడు. అడిగిన పిమ్మట తలుపు తీయుడు. వాని భాషలో నాలుగు మాటలు నేర్చుకొనుడు. వానికి పని చెప్పుడు, కాని వాడు పూర్తి చేయగల పని చెప్పుడు. పూర్తియైన నాడు వానికి ఈయవలసినదానిని సిద్ధపరచుకొనుడు.

ఆపైన ఒకనాడు ఆ బాలుడు మనకు తెలియనిది తెలిసికొని తిరిగి వచ్చును. వృషభము చెప్పినదో, అగ్ని చెప్పినదో, నేటి కాలమున వేరొక గ్రంథము చెప్పినదో మనకు తెలియదు. వాని ముఖము వెలుగుచుండును. ఆ వెలుగును చూచి, నాయనా, నీకు ఎవరు బోధించిరని సంతోషముతో అడుగగల మనస్సును పరమాత్మ మనకు అనుగ్రహించుగాక!